పదహారున్నర డిగ్రీల ఆకాశం: చుక్కలు చూపించే పనికి తయారీ డైరీ

అక్టోబరు రెండో వారం, 2025. దిగంతం కొలత

లక్ష్యం తేలింది. 2026 మార్చి 3 సాయంత్రం చంద్రుడు గ్రహణంతోనే ఉదయిస్తాడు. ఆ వేళకు రాజోలు దీవిలోని ఒక బడి ఆటస్థలంలో ఊరివాళ్లకు ఆకాశం చూపించగల వాలంటీర్లు ఆరుగురు సిద్ధం కావాలి. చేతిలో ఉన్న సామాను: 150 మి.మీ. అద్దం, 1200 మి.మీ. నాభ్యంతరం ఉన్న డాబ్సోనియన్ టెలిస్కోపు (అడుగు పలక మీద చేత్తో తిప్పే రకం) ఒకటి, 10×50 బైనాక్యులర్లు రెండు, 25 మి.మీ., 10 మి.మీ. ఐపీసులు (కన్ను పెట్టే కటకాలు) చెరొకటి.

సామాను కన్నా ముందు స్థలం. గైడు పని గురించి దొరికే సూచనల్లో ఎక్కువ భాగం పొడిగాలి వీచే ఎత్తైన చోట్లకో, 40 డిగ్రీల అక్షాంశానికో రాసినవి. కోనసీమ ఉన్నది 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో, సముద్రానికి కొద్ది మీటర్ల ఎత్తున, మూడు వైపులా నీళ్లతో. "ముందు ధ్రువ నక్షత్రం చూపించండి" అన్న మొదటి సూచనే ఇక్కడ చెల్లదు. ధ్రువుడు ఎప్పుడూ మన అక్షాంశమంత ఎత్తులోనే ఉంటాడు. అంటే 16.5 డిగ్రీలు. కొబ్బరిచెట్టు ఎత్తు 20 మీటర్లు అనుకుంటే ఆ మట్టల మీదుగా ధ్రువుడు కనబడాలంటే చెట్టుకు 60 మీటర్లకు పైగా ఎడం ఉండాలి. అంత ఎడం దొరికే చోటు ఈ దీవిలో వెతుక్కోవాల్సిందే.

చుట్టూ ఉన్న అడ్డుల ఎత్తును డిగ్రీల్లో కొలిచే పరికరం రూపాయి ఖర్చు లేనిది: బడి కంపాస్ పెట్టెలోని కోణమానిని, దాని చదును అంచుకు టేపుతో అంటించిన బొండం స్ట్రా, నడిమి రంధ్రంలోంచి దారం, దారానికి ఇనుప నట్టు. స్ట్రాలోంచి చెట్టు కొస చూసి, దారాన్ని వేలితో నొక్కిపట్టి, 90 నుంచి తేడా చదవాలి. గాలికి నట్టు ఊగితే రెండు డిగ్రీల దాకా తప్పు వస్తుంది. అందుకని మూడుసార్లు చూసి మధ్య అంకె రాయాలి. దిక్కులకు ఫోన్‌లోని దిక్సూచి చాలు. ఈ ప్రాంతంలో అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా పట్టించుకోవలసినంత లేదు. కానీ ఇనుప గోల్‌పోస్టు పక్కన నిలబడి చూస్తే అంకె పూర్తిగా పాడైపోతుంది.

16 దిక్కుల కొలతల్లో ముఖ్యమైనవి ఇవి. ఉత్తరాన 60 మీటర్ల దూరంలో కొబ్బరితోట, మట్టల కొస 17 డిగ్రీలు. ధ్రువుడు అర డిగ్రీ తేడాతో ఆకుల వెనక. టెలిస్కోపు పెట్టే చోటు 20 మీటర్లు దక్షిణానికి జరిపితే అదే తోట 13 డిగ్రీలకు దిగింది, ధ్రువుడు బయటపడ్డాడు. దక్షిణాన వరిచేలు, అడ్డు 3 డిగ్రీలే. తూర్పున బడి మేడ, దాని వెనక చింతచెట్టు: 9 డిగ్రీలు. ఈ తూర్పు అంకెను ఆ రోజు ఎవరూ పట్టించుకోలేదు. ఫిబ్రవరిలో అదే పెద్ద పని తెచ్చిపెట్టింది.

వెలుతురు లెక్క కూడా అదే రోజు పూర్తయింది. ఆగ్నేయాన రొయ్యల చెరువుల గట్ల మీద ఫోకస్ లైట్లు. వాటిని ఆర్పమని అడగడం న్యాయం కాదు. రాత్రి కాపలా, ఏరియేటర్లు తిరుగుతున్నాయో లేదో చూసుకోవడం అన్నీ ఆ వెలుగులోనే జరుగుతాయి. మనమే చాటు కట్టుకోవాలి. 12×8 అడుగుల టార్పాలిన్ పట్టా, పది అడుగుల వెదురు బొంగులు రెండు, తాళ్లు. పట్టాకు నడుమ అక్కడక్కడా జానెడు కోతలు పెట్టకపోతే సముద్రపు గాలికి అది తెరచాపలా పొంగి బొంగును లాగేస్తుంది.

నవంబరు మొదటి వారం. మళ్లీ కొలత, కార్తెల లెక్క

అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. తుపాను తర్వాత దిగంతం పట్టిక పాతదైపోతుంది: కొన్ని చెట్లు పడతాయి, కొన్ని వంగుతాయి. 16 దిక్కులూ మళ్లీ కొలవాలి, గంట పని. వాన కడిగిన గాలి రెండు మూడు రాత్రులు ఎంతో తేటగా ఉంటుంది. ఆ రాత్రుల్లో నేల తడిగా ఉన్నా సరే, బయటికి రావాలి.

నవంబరు 5 కార్తీక పౌర్ణమి. వాలంటీర్ల మొదటి పాఠం దీని మీదే. పౌర్ణమి నాడు చంద్రుడు కృత్తికల దగ్గర ఉండే నెల కాబట్టి కార్తీకం అన్న మాట అందరూ చెబుతారు. కానీ ఆ రాత్రి జనాన్ని తీసుకొచ్చి చూపిస్తే కృత్తికలు పక్కన ఉండవు. ఈ ఏడు చంద్రుడు కృత్తికల పక్కకు చేరింది మరునాడు, 6వ తేదీ రాత్రి. ఒక రోజు అటూ ఇటూ కావడం మామూలే. "పౌర్ణమి నాడు ఆ చుట్టుపక్కల ఉంటాడు" అనాలి. చూపించబోయే దాన్ని ముందు రోజు రాత్రి మన కళ్లతో చూసి ఉండాలి.

ఈ ఊళ్లలో ఆకాశం గురించి మాట మొదలుపెట్టడానికి కార్తెలను మించిన దారి లేదు. రోహిణి కార్తెకు రోళ్లు పగులుతాయని, మృగశిర కార్తెకు చేపలు తినాలని తెలియని ఇల్లు లేదు. కార్తె అంటే సూర్యుడు ఆ నక్షత్రం ఉన్న భాగంలో గడిపే 13, 14 రోజులు. సూర్యుడి వెలుగులో కలిసిపోతుంది కాబట్టి ఏ కార్తె నడుస్తుంటే ఆ చుక్క ఆ రోజుల్లో కనబడదు. ఆర్నెల్లు కలపండి, అదే చుక్క రాత్రంతా ఉంటుంది. రోహిణి కార్తె మే చివర మొదలవుతుంది. కాబట్టి రోహిణి చుక్క డిసెంబరు మొదట్లో పొద్దుగూకేసరికి తూర్పున లేచి తెల్లవారే దాకా ఉంటుంది. మృగశిర, ఆరుద్ర డిసెంబరులో, పునర్వసు జనవరిలో. రైతుకు తెలిసిన క్యాలెండరును తిరగేసి చూపిస్తే చాలు. పటం, యాప్ ఏవీ లేకుండా ఏ నెలలో ఏ చుక్క దొరుకుతుందో ఆయనే చెబుతారు. ఇది నేర్చుకున్న వాలంటీరు పెద్దవాళ్ల ముందు తడబడడు.

పల్లె పేర్లు సేకరిస్తున్నాం. కృత్తికలు పిల్లలకోడి, సప్తర్షులు మంచంకోళ్లు. గొల్లకావడి అన్న పేరు వినగానే అది ఏ మూడు చుక్కల వరసో మనమే నిర్ణయించుకోకూడదు. "ఏదండీ, ఓసారి వేలెట్టి చూపించండి" అని అడిగి, చూపిన దిక్కు, నెల, వేళ రాసుకోవాలి.

నవంబరు మూడో వారం. నక్షత్ర చక్రం

20న అమావాస్య, చీకటి రాత్రుల వారం. కొన్న నక్షత్ర చక్రాలు (తేదీ, వేళ తిప్పి కలిపితే అప్పటి ఆకాశం చూపే అట్ట పటాలు) ఉత్తర దేశాల అక్షాంశాలకు చేసినవి. వాటిలో దక్షిణాన ఉన్న అగస్త్యుడు (కనోపస్ చుక్క) ఉండడు, ఉన్నా అంచులో నలిగిపోయి ఉంటాడు. అందుకని 16.5 డిగ్రీలకు సొంత చక్రం గీశాం. ఏ3 కాగితం వెడల్పు 297 మి.మీ. కాబట్టి డిగ్రీకి 0.85 మి.మీ. కొలత సరిపోతుంది. మధ్యలో ధ్రువం. చుక్క క్రాంతిని (ఆకాశ మధ్యరేఖకు ఉత్తరానికో దక్షిణానికో ఎన్ని డిగ్రీలో చెప్పే అంకెను) 90 నుంచి తీసేసి 0.85తో గుణిస్తే మధ్యనుంచి దూరం వస్తుంది. అగస్త్యుడి క్రాంతి మైనస్ 52.7, అంటే 142.7 డిగ్రీలు, 121 మి.మీ. విషువాంశ గంటలు (చుక్క తూర్పు పడమరల స్థానాన్ని చెప్పే అంకె) గడియారం ముల్లు తిరిగే వైపే పెరగాలి. ఇది తిరగబడితే పటం అద్దంలో చూసినట్టు తయారవుతుంది. ఆరు చక్రాల్లో రెండింటికి అదే జరిగింది.

పై అట్టలో కోసే దిగంతపు కిటికీకి అంకెలు: కిందివైపు, అంటే దక్షిణాన, మధ్యనుంచి 139 మి.మీ. అక్కణ్నుంచి ఇరువైపులా గంటకు 15 డిగ్రీల చొప్పున తిరుగుతూ 2 గంటల దగ్గర 137, 3 దగ్గర 134, 4 దగ్గర 127, 5 దగ్గర 111.5, 6 దగ్గర (ఇవే తూర్పు, పడమర) 76.5, 7 దగ్గర 41.5, 8 దగ్గర 26, 9 దగ్గర 19, 10 దగ్గర 16, 12 దగ్గర, అంటే నేరుగా ఉత్తరాన, 14 మి.మీ. ఈ బిందువులను కలిపితే కోడిగుడ్డు కాకుండా పెద్ద పనసకాయను నిలువుగా కోసినట్టు వస్తుంది. నడినెత్తి మధ్యనుంచి 62.5 మి.మీ. కిందుగా పడుతుంది. దక్షిణపు చుక్కలు ఈ గీతలో బాగా అడ్డంగా సాగిపోతాయి, అది ఈ రకం పటంలో తప్పని లోపం. అందుకే దక్షిణ దిగంతానికి వేరుగా ఒక పట్టీ గీసి వెనక అంటించాం.

ఇక్కడ మనకు ఒక సదుపాయం ఉంది. భారత కాలమానాన్ని నిర్ణయించే 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడకు కాస్త తూర్పుగా పోతుంది. అమలాపురం 82 డిగ్రీల దగ్గర ఉంది కాబట్టి స్థానిక కాలం గడియారానికి రెండే నిమిషాలు వెనక. దిద్దుబాటు అక్కర్లేదు. సెప్టెంబరు 22 నాడు గడియారం ఎంత చూపిస్తే నాక్షత్ర కాలం (ఆ క్షణాన నడిమింట ఉన్న చుక్కల విషువాంశం) దాదాపు అంతే. నెలకు రెండు గంటలు, రోజుకు నాలుగు నిమిషాలు కలుపుకుంటూ పోవాలి. జనవరి 20 రాత్రి 9 గంటలకు? నాలుగు నెలలు, 8 గంటలు. 21కి 8 కలిపితే 29, అందులోంచి 24 తీస్తే 5. విషువాంశం 5 గంటలున్న చుక్కలు అప్పుడు నడిమింట ఉంటాయి, అంటే మృగశిర, ఆరుద్ర ఉన్న ఓరియన్ ప్రాంతం ఇంకాస్త తూర్పుగా. ఈ లెక్క నోటికి వచ్చేదాకా చక్రం ఇవ్వకపోవడం మంచిదని తేలింది.

చీకటి ఎంతుందో రాయడానికి కూడా ఇక్కడి కొలబద్ద కావాలి. బయటి పద్ధతుల్లో చిన్న ఎలుగుబంటి చుక్కలు లెక్కపెట్టమంటారు, మనకు అవి మట్టల పొడుగున ఉంటాయి. శీతకాలానికి మృగశీర్షం పెట్టుకున్నాం. ఓరియన్ తల దగ్గరి మూడు మసక చుక్కలూ విడివిడిగా కనిపిస్తే ఆకాశం 4.4 ప్రకాశం (అంకె పెరిగేకొద్దీ చుక్క మసక) దాకా తెరుచుకున్నట్టు. వేసవికి హస్త. నాలుగు చుక్కలు సులభం. ఐదోది, 4.0 ప్రకాశం ఉన్నది, కనిపిస్తేనే చెయ్యి పూర్తయినట్టు.

డిసెంబరు. మంచు

సార్వా కోతలయ్యాక చేలు ఖాళీ అవుతాయి, దక్షిణ దిగంతం ఇంకా దిగుతుంది. కానీ ఈ నెల అసలు పని మంచుతోనే. రాత్రి ఆకాశం వైపు తెరిచి ఉన్న గాజు వేడి కోల్పోయి చుట్టూ గాలి కన్నా చల్లబడుతుంది. డెల్టాలో గాలి వేడికీ మంచుబిందు స్థితికీ (గాలిలోని తేమ నీటిబొట్లుగా మారే ఉష్ణోగ్రతకు) మధ్య తేడా చాలా రాత్రులు ఒకటి రెండు డిగ్రీలే. గాజు ఆ కాస్త చల్లబడగానే తడిసిపోతుంది. తడిసే వరస ఎప్పుడూ ఒకటే: ముందు ఫైండర్ (గురి చూసుకునే చిన్న దుర్బిణి), తర్వాత ఐపీస్, ఆ తర్వాత గొట్టం నోటి దగ్గరి చిన్న అద్దం. అడుగున ఉన్న పెద్ద అద్దానికి గొట్టమే గొడుగు. మొదటి రాత్రి 8.40కి శని మసకబారింది. అందరూ ఫోకస్ తిప్పుతూ కూర్చున్నారు. బొమ్మ మసకబారితే ముందు టార్చి వేసి గాజు చూడాలి, ఫోకస్ మీద చెయ్యి తర్వాత.

నోటి తొడుగు: 6 మి.మీ. ఈవా ఫోమ్ షీటు, గొట్టం బయటి వ్యాసం 185 మి.మీ. కాబట్టి చుట్టుకొలత 581, అతుకుకు 30 కలిపి 610 మి.మీ. పొడవు, 280 మి.మీ. వెడల్పు. అతుకుకు వెల్క్రో. లోపలివైపు నల్లగా ఉండాలి. తొడుగు పెట్టాక గొట్టం ముందు బరువై వాలిపోతుంది. అడుగు అంచుకు ఇసుక నింపిన చిన్న సంచీ వేలాడదీసి సరిచేశాం.

ఫైండర్‌కు వేడి పట్టీ: 100 ఓమ్ అర వాటు రెసిస్టర్లు ఎనిమిది, సమాంతరంగా, 5 వోల్టుల యూఎస్‌బీ తీగకు. ఒక్కోదాంట్లో పావు వాటు, మొత్తం 2 వాట్లు, 0.4 ఆంపియర్లు. 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు రాత్రంతా లాగుతుంది. మొదట రెండే రెసిస్టర్లతో పరీక్షించినప్పుడు కాసేపటికి పట్టీ చల్లబడిపోయింది: కరెంటు మరీ తక్కువైతే చాలా పవర్ బ్యాంకులు ఫోను నిండిందనుకుని ఆపేస్తాయి. ఇంకో పొరపాటు, రెసిస్టర్ కాళ్లకు ఇన్సులేషన్ గొట్టం తొడగకుండా గుడ్డలో కుట్టడం. చుట్టగానే కాళ్లు ఒకదానికొకటి తగిలి షార్టయింది. ఐపీస్‌కు పట్టీ అక్కర్లేదు, కానీ ఇంకో 25 మి.మీ. ఐపీస్ కొనక తప్పలేదు. ఒకటి టెలిస్కోపుకు, ఒకటి చొక్కా జేబులో ఒంటి వెచ్చదనానికి. అరగంటకోసారి మార్చాలి. తడిసిన గాజును ఎట్టి పరిస్థితుల్లోనూ గుడ్డతో తుడవకూడదు. సముద్రం దగ్గరి గాలిలో ఉప్పు ఉంటుంది, తుడుపుతో అది గాజు మీద గీత పెడుతుంది.

ఇంటికి తెచ్చాక తడిగా ఉన్నప్పుడే మూతలు పెట్టేస్తే బూజు ఖాయం. బైనాక్యులర్లు పోయేది చాలావరకు ఇలాగే. ఫ్యాను కింద, నోరు కొంచెం కిందికి వంచి ఆరనిచ్చి, అప్పుడు మూత. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో 200 గ్రాముల సిలికా జెల్, లోపల చిన్న తేమ మీటరు. అంకె 40, 50 శాతం మధ్య ఉండాలి. నారింజ రంగు గింజలు పచ్చబడితే ఇనుప మూకుట్లో సన్నసెగ మీద అరగంట కలుపుతూ వేపితే రంగు తిరిగొస్తుంది. ఆ మూకుడు మళ్లీ వంటకు వాడకూడదు. సిలికాకు బదులు బియ్యం పోస్తే పని జరగదు, తవుడు దుమ్ము గాజు మీద చేరడం తప్ప.

శని గురించి ఒక మాట. 2025 మార్చి 23న శని ఉంగరాలు మనకు సరిగ్గా అంచు చూపించాయి. నవంబరులో వంపు మళ్లీ తగ్గి అర డిగ్రీ లోపుకు వచ్చింది. పుస్తకాల్లో బొమ్మ చూసి వచ్చినవాళ్లకు కనబడేది గుండ్రటి చుక్కకు గుచ్చిన సన్నని గీత. "పళ్లెం అంచు వైపు నుంచి చూస్తున్నాం" అని ముందే చెప్పి, చేతిలో స్టీలు పళ్లెం వంచి చూపిస్తే ఎవరూ నిరాశపడరు.

జనవరి. సంక్రాంతి, గురుడు, వరస

సంక్రాంతి వారంలో ఆకాశం మనవైపే ఉంది. జనవరి 18న అమావాస్య, కాబట్టి పండుగ సాయంత్రాల్లో చంద్రుడు లేడు. గురుడు జనవరి 10న సూర్యుడికి ఎదురుగా వచ్చాడు, పునర్వసు చుక్కల దగ్గర, పొద్దుగూకగానే తూర్పున. పట్నాల నుంచి పిల్లలు, మనవలు అందరూ ఊళ్లో ఉంటారు. ఎదురు వచ్చేవి భోగిమంటల పొగ, కోడిపందేల బరుల దగ్గరి ఫ్లడ్‌లైట్లు. కాబట్టి మసక వస్తువుల జాబితా కొట్టేసి నాలుగే ఉంచాం: గురుడు, కృత్తికలు, ఓరియన్ కత్తిలోని మేఘం, ఆరుద్ర ఎరుపు పక్కన రిగెల్ తెలుపు.

వరస లెక్క ముందే వేసుకోవాలి. మనిషికి 45 సెకన్లు, 40 మందికి అరగంట, ఒక్క వస్తువుకే. 25 మి.మీ. ఐపీస్‌తో 48 రెట్లు, 52 డిగ్రీల ఐపీస్ అయితే ఆకాశంలో డిగ్రీ కాస్త పైన కనబడుతుంది. భూమి తిరగడం వల్ల గురుడు ఆ కిటికీని ఒక అంచునుంచి ఇంకో అంచుకు సుమారు నాలుగున్నర నిమిషాల్లో దాటేస్తాడు. 10 మి.మీ.తో 120 రెట్లు, దాటే సమయం నిమిషం ముప్పావు. నడిమధ్యన పెట్టినా 50 సెకన్లలో అంచుకు పోతాడు. కాబట్టి 48 రెట్లతో ముగ్గురికోసారి సర్దాలి, 120తో ప్రతి మనిషికీ. జనం ఎక్కువుంటే 120 వాడకపోవడమే మంచిది. నాలుగు చందమామలు, రెండు పట్టీలు 48లోనే కనిపిస్తాయి. సర్దేటప్పుడు గురుణ్ని మధ్యలో కాకుండా తూర్పు అంచు దగ్గర పెడితే కిటికీ అంతా వాడుకోవచ్చు.

జనం ఐపీస్‌ను గట్టిగా పట్టుకుంటారు, గురుడు మాయమవుతాడు. "పట్టుకోవద్దు" అంటే చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక ఇంకా తడబడతారు. పక్కన ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసి దాని వీపు పట్టుకోమనాలి. వాలంటీర్లు వల్లె వేసిన మాటలు: "మామ్మగారూ, కుర్చీ పట్టుకోండి. కన్ను ఆనించకండి, దగ్గరికి తెచ్చి ఆపండి. రెండో కన్ను మూయకపోయినా పర్లేదు, చేత్తో కప్పుకోండి." కళ్లజోడు దగ్గరిచూపుదో దూరపుచూపుదో అయితే తీసేసి ఫోకస్ తిప్పితే సరి. దృష్టిలో అడ్డపు దోషం ఉన్నవాళ్లు మాత్రం పెట్టుకునే చూడాలి. చూశాక "కనిపించిందా" అని అడగకూడదు. మర్యాదకు అందరూ కనిపించిందనే అంటారు. "గురుడి పక్కన ఎన్ని చిన్న చుక్కలున్నాయండీ, ఏ వైపు?" అని అడిగితే అసలు సంగతి తెలుస్తుంది.

బండి మీద తెచ్చిన టెలిస్కోపు ప్రతిసారీ అద్దాలు కదిలి వస్తుంది. సరిచేయడానికి 31.7 మి.మీ. ఐపీస్ మూతకు నడుమ 2 మి.మీ. రంధ్రం. అందులోంచి చూస్తూ ముందు చిన్న అద్దం మూడు మరలతో పెద్ద అద్దం నడిమి గుర్తును మధ్యకు తేవాలి, తర్వాత అడుగు మరలతో రంధ్రపు ప్రతిబింబాన్ని ఆ గుర్తులోకి. వెలుతురుండగానే అయిపోవాలి. చుక్క మీద సరిచూడటానికి ధ్రువుడు పనికిరాడు. అంత కిందుగా గాలి ఉడికే నీళ్లలా కదులుతూ ఉంటుంది. నడినెత్తికి దగ్గరున్న రెండో తరగతి చుక్క పట్టుకుని, పక్కకు జారినప్పుడల్లా మధ్యకు తెచ్చుకోవాలి.

ఆకుపచ్చ లేజరు ఒక్కరి చేతిలోనే. 5 మిల్లీవాట్ల లోపు గుర్తున్నదే కొనాలి. చవకవి రాసినదానికన్నా ఎక్కువ వదులుతాయి. తేమగాలిలో కిరణం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది కాబట్టి ఎక్కువ శక్తి అవసరమే లేదు. విమానాల వైపు, పడవల వైపు, మనుషుల వైపు ఎన్నడూ పోకూడదు. పిల్లలకు ఇవ్వకూడదు.

దోమలకు పూసుకునే మందుల్లో డీట్ ఉంటే అది ఐపీస్ రబ్బరును, ప్లాస్టిక్కును కరిగిస్తుంది. కాళ్లకు, మోచేతుల పైకి రాసుకుని వేళ్లు సబ్బుతో కడుక్కున్నాకే గొట్టం ముట్టాలి. వేపాకు పొగ, దోమల చుట్ట గాలివాటున పెట్టినా గాజు మీద పొర కడతాయి. గట్ల మీద ఎలుకలకోసం రక్తపింజరులు తిరిగే కాలమిది: చీకటికి అలవాటైన కళ్లు చెదరకుండా వాడే ఎర్రటార్చికి మారకముందు, వెలుతురుండగానే తెల్లటార్చితో చుట్టూ ఒకసారి చూసి, పట్టా పరిచి, బూట్లు వేసుకుని నిలబడాలి. ఎవరికైనా కాటు పడితే వేరే ప్రయత్నాలు లేవు, కదలనివ్వకుండా 108.

ఫిబ్రవరి మొదటి పక్షం. దక్షిణం, పోటు

ఈ అక్షాంశం ఇచ్చే బహుమతి దక్షిణాకాశం. అగస్త్యుడు 20 డిగ్రీల పైకి లేస్తాడు, ఫిబ్రవరి రెండో వారంలో రాత్రి 9కి సరిగ్గా దక్షిణాన. సిరియస్ తర్వాత ఆకాశంలో అంత వెలుగున్న చుక్క ఇదే. ఉత్తర భారతంలో దిగంతం మీద పాకుతుంది, మనకు చేలమీద నిలబడుతుంది. దక్షిణ శిలువ కూడా ఉంది. దాని అడుగు చుక్క 10 డిగ్రీలు, పై చుక్క 16. ఫిబ్రవరిలో తెల్లవారుజామున, మే నెల మధ్యలో రాత్రి 9కి. పది డిగ్రీల ఎత్తులో చుక్క వెలుగు నడినెత్తికన్నా ఐదున్నర రెట్ల గాలి దాటి రావాలి. వేసవి సముద్రపు తేమలో ఆ అడుగు చుక్క కనబడకపోతే కళ్లను తప్పుపట్టనక్కర్లేదు.

దక్షిణానికి అంతర్వేది తీరం మంచిదే, దీపస్తంభం కాంతి తిరుగుతూ కళ్లమీద పడని చోటు చూసుకుంటే. ఒక జాగ్రత్త మాత్రం రాసిపెట్టుకోవాలి: చుక్కలకు కావలసిన అమావాస్య రాత్రే సముద్రం పోటు పెద్దదిగా వస్తుంది. నీళ్లు వెనక్కి తగ్గిన పాటులో పెట్టిన టెలిస్కోపు దగ్గరికి ఆరు గంటల్లో నీళ్లు వస్తాయి. తడి ఇసుక గీత ఎక్కడుందో వెలుతురుండగా చూసి, దానికి చాలా పైనే సామాను దించాలి. తిరిగి వచ్చాక ఉప్పు గొట్టం బయట మాత్రమే తుడవాలి, అద్దం మీద డిస్టిల్డ్ వాటర్ తప్ప ఏదీ పడకూడదు.

ఈశాన్యంలో సప్తర్షులు లేస్తున్నారు. వశిష్ఠ అన్న చుక్క పక్కనే అరుంధతి. రెండూ కంటికి విడిగా కనిపిస్తాయి. టెలిస్కోపు 48లో వశిష్ఠుడు తానే రెండుగా చీలతాడు. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే ఊళ్లో ఈ చుక్క చూపించడం సంతోషం. ఇక్కడ ఒక పొరపాటు జరుగుతోంది, ముందే సరిచేసుకోవాలి. ద్రాక్షారామం సప్తగోదావరి కథలోని ఋషులు వేరు: గౌతముడు, వశిష్ఠుడు, కౌశికుడు, అత్రి, భరద్వాజుడు, కశ్యపుడు, జమదగ్ని. ఆకాశంలోని ఏడు చుక్కల పేర్లు క్రతు, పులహ, పులస్త్య, అత్రి, అంగిర, వశిష్ఠ, మరీచి. రెండు జాబితాల్లోనూ ఉన్నవాళ్లు అత్రి, వశిష్ఠులే. "ఏడు పాయలూ ఆ ఏడు చుక్కలే" అని చెబితే గుడి సంగతులు తెలిసిన పెద్దాయన ఒక్క ప్రశ్నతో ఆపేస్తారు.

ఫిబ్రవరి చివరి వారం. మార్చి 3కు ఏర్పాట్లు

ఇప్పుడు అక్టోబరు నాటి తూర్పు అంకె. సంపూర్ణ గ్రహణం సాయంత్రం 4.34 నుంచి 5.32 దాకా, అప్పటికి చంద్రుడు మనకు దిగంతం కిందే. ఉదయించేది 6.10 ప్రాంతంలో, సుమారు సగం నీడతో. నీడ పూర్తిగా వదిలేది 6.47కు. మొత్తం 37 నిమిషాలు. చంద్రుడు ఇక్కడ గంటకు సుమారు 14 డిగ్రీలు పైకెక్కుతాడు. బడి మేడ, చింతచెట్టు కలిపి 9 డిగ్రీలు దాటడానికి పట్టేది దాదాపు ఆ 37 నిమిషాలే. ఆటస్థలంలో నిలబడితే మేడ మీదికి వచ్చేసరికి గ్రహణం అయిపోయి ఉంటుంది.

కొత్త చోటు కొలిచాం: ఊరి తూర్పున కాలువ గట్టు, అవతల దాళ్వా చేలు, అడ్డు 2 డిగ్రీలు. అది దాటడానికి ఎనిమిది తొమ్మిది నిమిషాలు. 6.20 నుంచి చూడవచ్చు. ఇంకా వెలుతురు ఉంటుంది, దిగంతం దగ్గర మసక, చంద్రుడు పాలిపోయి ఉంటాడు. కంటికి దొరక్కపోతే బైనాక్యులర్‌తో తూర్పు దిక్కుకు కాస్త ఉత్తరంగా వెతకాలి. టెలిస్కోపు గట్టు మీదికి తీసుకెళ్లడం లేదు. ఇరుకు చోటు, పక్కన నీళ్లు. రెండు బైనాక్యులర్లు, ఇద్దరు వాలంటీర్లు, పిల్లలు గట్టుకు చేలవైపే నిలబడేలా ఒక తాడు.

గ్రహణం వేళ బయటికి రానివాళ్లు, విడుపు స్నానం అయ్యాకే తినేవాళ్లు ఊళ్లో చాలామంది ఉంటారు. వాళ్లతో వాదన పెట్టుకోవడానికి రావడం లేదు. గట్టు మీది చూపు ఇష్టమైనవాళ్లకు, ఆటస్థలం కార్యక్రమం అందరికీ 7.30కి. ఎవరైనా అడిగితే ఒక్క మాట చాలు: చంద్రగ్రహణాన్ని ఎవరైనా వట్టి కంటితో చూడవచ్చు, కంటికి ఏ హానీ లేదు.

7.30కి గురుడు నడినెత్తికి చేరువగా ఉంటాడు, ఇంకో గంటకు 84 డిగ్రీలు. డాబ్సోనియన్‌కు ఇది కష్టమైన చోటు: గొట్టం నిటారుగా ఉన్నప్పుడు కాస్త పక్కకు జరపాలన్నా అడుగు పలక చాలా దూరం తిరగాలి, చెయ్యి పట్టు దొరకదు. అందుకని 7.30కే గురుడు, 8 దాటాక అగస్త్యుడు, కృత్తికలు. పౌర్ణమి వెన్నెలలో ఓరియన్ మేఘం పాలిపోతుంది, అది జాబితాలోంచి తీసేశాం. చంద్రుణ్ని చివర పెట్టాం, ముందు చూస్తే ఆ వెలుగుకు కళ్లు చెదిరి తర్వాతవి కనబడవు. గొట్టం నిటారుగా ఉన్నప్పుడు ఐపీస్ సుమారు నాలుగడుగుల ఎత్తులో ఉంటుంది. ఐదేళ్ల పిల్లలకు అరుగుపీట ఒకటి, తొమ్మిది అంగుళాలది, కాళ్లకింద రబ్బరు ముక్కలు కొట్టించి ఉంచాలి. వీధి దీపం స్విచ్చి సంగతి పంచాయతీలో చెప్పి వచ్చాం. సిలికా జెల్ వేపాలి, పవర్ బ్యాంకు నింపాలి, చింతచెట్టు వైపు పట్టా కట్టే బొంగు ఒకటి విరిగింది, మార్చాలి.